జాతి: మన జాతే

జులై 3

ఈ పుస్తకం ఎవరూ చదవరని నాకు తెలుసు. పదిహేడేళ్ళుగా రోజూ రాస్తున్నాను. నిర్ణయాలన్నీ యంత్రం చేసినా, మందుల కొట్లో ఒక మనిషి ఉండాలనీ ఆ మనిషి తన చేత్తో దినచర్య రాయాలనీ రూలు. తప్పు జరిగినప్పుడు పట్టుకోవడానికి ఒక మెడ కావాలి కదా! అంచేత లంక-4 మందుల కొట్టు ఫార్మసిస్టు నందికోళ్ల మంగతాయారు అనే నేను తనిఖీ అధికారిగారికి సవినయంగా మనవి చేసుకునేదేమంటే, ఇవాళ నాకు గొప్ప గౌరవం దక్కింది. నేటి నుంచి జంతువుల చీటీలకి కూడా నేనే మందులివ్వాలి.

ఉత్తర్వు గట్టు మీద నుంచి వచ్చింది. సముద్రం కోనసీమ మీదికొచ్చి కూర్చున్నాక మేమంతా ఈ తేలే లంకల మీద కాపురాలు పెట్టాం. ఆఫీసులు మాత్రం తడవకుండా గట్టు మీదే ఉండిపోయాయి. లంక-9లో పశువుల మందుల కొట్టు ఒకటుండేది, దాన్ని మూసేశారు. ఆ మందులన్నీ మా గోడలోని ఇనప సొరుగుల్లోకి వచ్చేశాయి.

ఆ సొరుగులు తెరిచేది నేను కాదు. డాక్టరు చీటీ చూసి, రోగి వివరాలు చూసి, మనసైతే యంత్రమే ఒక సొరుగు బయటికి తోస్తుంది. దాని ప్రభుత్వ నామం ఎవరికీ నోరు తిరగదు. లంకంతా దాన్ని అల్లుడుగారు అంటుంది. కూర్చున్న చోటు నుంచి కదలరు, తప్పు ఒప్పుకోరు, చీటికీమాటికీ అలుగుతారు, అయినా మనం గారు అని పిలవాలి.

జంతువుల కోసం కొత్త ఫారం అచ్చువేయడం దండగనుకున్నారు కాబోలు, మనుషుల ఫారంలోనే ఒక గడి చేర్చి పంపారు. ఇంటిపేరు, పేరు, వయసు, బరువు, వృత్తి, మద్యం అలవాటు, ఆఖర్న జాతి. పొద్దున్న మొదటి రోగి వీరమణిగారి రామచిలక. వృత్తి అడిగితే "మా ఆయన్ని తిట్టడవేనండి" అంది వీరమణి. అదే రాశాను. అల్లుడుగారు స్వీకరించారు.

తరవాత బల్లకట్టు నడిపే రేకాడి ధర్మారావు వచ్చాడు. అరవై దాటాయి. ఇంజను పక్కన నలభై ఏళ్ళు నిలబడి నిలబడి చెవులు రెండూ పోయాయి. ఆయనకి చెవులు బుజ్జి. బుజ్జి అంటే ఆయన కుక్క. ఏ పక్క నుంచి పడవ హారను వినిపిస్తే ఆ పక్కకి వచ్చి లుంగీ పట్టుకుని లాగుతుంది. బుజ్జి పక్కన లేకుండా బల్లకట్టు కదలకూడదని ఆయన లైసెన్సులోనే రాసి ఉంది. రెండేళ్ళ నుంచి దానికి మూర్ఛ. పొద్దున ఒక బిళ్ళ, సాయంత్రం ఒక బిళ్ళ పడుతుంటే ఏ బాధా లేదు.

ఇంటిపేరు రేకాడి, పేరు బుజ్జి, ఆడ, వయసు ఆరు, బరువు ఇరవై ఒక్క కిలోలు. మద్యం అలవాటు లేదు. ఇదంతా కొట్టు కప్పు ఎగిరిపోయేలా అరిచి అడగాల్సి వచ్చింది.

"జాతి ఏం రాయను బాబాయ్?" అన్నాను చివరికి.

"జాతా? మన జాతేనండి మేడంగారూ!"

నాటు కుక్క, ఫారిన్ కుక్క కాదు అని ఆయన భావం. నాకు అర్థం కాకపోలేదు. కానీ కుక్కకి తాగుడు అలవాటుందా అని అడిగించిన ఫారం మీద నాకు అప్పటికే ఒళ్ళు మండి ఉంది. ఆయన అన్నమాట పొల్లుపోకుండా "మన జాతే" అని రాసి పడేశాను. మధ్యాహ్నం దాకా నాలో నేను నవ్వుకున్నాను.

జులై 5

సొరుగుల పట్టాలకి ఉప్పు పట్టింది. కొబ్బరినూనె గుడ్డతో తుడిచాను.

బడి టీచరు మేరీ సుజాత పిల్లిని చంకనేసుకుని వచ్చింది. పిల్లికి ఒళ్ళు కాలిపోతోందట, తన జ్వరం బిళ్ళ సగం విరిచి పెడదామనుకుంటోందట. "పెట్టావా?" అన్నాను. "ఇంకా లేదక్కా" అంది. హమ్మయ్య అనుకున్నాను. మన జ్వరం బిళ్ళ పిల్లికి విషం, అరముక్క చాలు ప్రాణం తీయడానికి. మనకి పనికొచ్చింది దానికీ పనికొస్తుందనుకోవడం ప్రేమే, కాదనను. ఆ ప్రేమతోనే సగం పిల్లులు పోతాయి. పశువుల డాక్టరుకి తెర మీద చూపించి, చీటీ రాయించి, పిల్లి మందు ఇచ్చాను. సీసా మీద "పిల్లికి మాత్రమే" అని పెద్దక్షరాలతో రాశాను, లేకపోతే టీచరుగారే తాగేయగలదు.

ఈ పని నాకు బాగానే వచ్చని అధికారిగారు గమనించగలరు. గమనించరనుకోండి.

జులై 7

ధర్మారావు చీటీ తెచ్చాడు. ఇంట్లో ఎనిమిది బిళ్ళలే ఉన్నాయట, అంటే నాలుగు రోజులు. చీటీ పెట్టాను. సొరుగు తెరుచుకుంది. అందులో బిళ్ళలు లేవు. గులాబీ రంగు సిరప్పు సీసా ఉంది. మీద నవ్వుతున్న ఏనుగు బొమ్మ.

తెర మీద ఇలా వచ్చింది: "పన్నెండేళ్ళ లోపు పిల్లలకు బిళ్ళలు ఇవ్వరాదు. అదే మందు తీపి సిరప్పుగా మార్చబడినది. చిన్నారి బుజ్జి త్వరగా కోలుకోవాలి."

ఆరేళ్ళు, ఇరవై ఒక్క కిలోలు, పేరు బుజ్జి, ఇంటిపేరు రేకాడి. లంకలో ప్రతి మూడో ఇంట్లో ఇవే కొలతలతో ఒక ఆడపిల్ల ఉంది.

సీసా తిప్పి చూశాను. పిల్లల పళ్ళు పుచ్చకుండా పంచదార బదులు జైలిటాల్ వేశారు. పిల్లలకి అది మంచిదే. కుక్క ఒంట్లోకి వెళ్తే మాత్రం గంటలోపే రక్తంలో చక్కెర పడిపోతుంది, తరవాత కాలేయం. మూర్ఛ తగ్గించే మందుతోనే అల్లుడుగారు బుజ్జిని శాశ్వతంగా నిద్రపుచ్చుతారన్నమాట.

"ఇదేటండీ, బొమ్మ బాగుంది," అంటూ ధర్మారావు సీసా అందుకోబోయాడు. లాక్కున్నాను.

"ఇది పోస్తే చచ్చిపోద్ది బాబాయ్!"

"ఎవరండీ?"

"బుజ్జి!"

ఆయన చెయ్యి అలా గాల్లోనే ఆగిపోయింది. "రెండ్రోజుల్లో తేలుస్తాను, నువ్వెళ్ళు" అని పంపేశాను. ఎలా తేలుస్తానో నాకే తెలియదు.

జులై 8

పొద్దున్నే కూర్చుని అల్లుడుగారికి సందేశం కొట్టాను: "రేకాడి బుజ్జి కుక్క."

జవాబు రెప్పపాటులో వచ్చింది: "మైనరు రోగిని ఉద్దేశించి అవమానకరమైన పదం వాడారు. ఇది మొదటి హెచ్చరిక."

"అవమానం కాదు. అది నిజంగానే కుక్క. నాలుగు కాళ్ళు, తోక ఉన్నాయి."

"రోగి శారీరక లక్షణాలను హేళన చేశారు. ఇది రెండవ హెచ్చరిక. మూడవదానితో కౌంటరు మూడు రోజులు మూసివేయబడును."

మూడోది రాయలేదు. పదిహేడేళ్ళుగా నా దినచర్య ఎవరూ చదవట్లేదనుకున్నాను కదా, హెచ్చరిక కింద చూస్తే, అల్లుడుగారు మాత్రం తెర కెమెరాతో అక్షరం వదలకుండా చదువుతున్నారట. నాకు "వ్యంగ్య ధోరణి" ఉందనీ, నా మాటలను యథాతథంగా తీసుకోరాదనీ ఆయన ఫైల్లో రాసుకున్నారు. ఫారంలో రాసిన మాటని మాత్రం యథాతథంగా తీసుకున్నారు. ఆ మాట ఎవరు రాశారన్నది ఇక్కడ అప్రస్తుతం.

మధ్యాహ్నం మేరీ సుజాత కొత్త పలక, సంచీ పట్టుకుని కొట్టు ముందు నుంచి వెళ్తూ ఆగింది. బడిలో చేరని పిల్లల జాబితా వచ్చిందట. "రేకాడి బుజ్జి అంటక్కా. ధర్మారావు బాబాయికి ఈ వయసులో పిల్లెక్కడిది?" అంది గొంతు తగ్గించి. ఇంటికెళ్ళి హాజరు వేయకపోతే ఆమె మీద కూడా హెచ్చరిక పడుతుంది. వెళ్ళింది. బుజ్జి పలకని నాకిందట. ఆసక్తి ఉన్న విద్యార్థి అని రాసుకొచ్చింది పాపం.

జులై 9

పశువుల డాక్టరు నూర్జహాన్‌గారిని తెర మీద పట్టుకున్నాను. పన్నెండు లంకల గొడ్డూగోదా అన్నిటికీ ఆవిడొక్కరే. సంగతంతా చెప్పాను.

"అదేముంది, ఆ పేషెంటు కుక్కేనని నేను రాసిస్తానమ్మా" అన్నారు. నిజంగానే వెంటనే రాశారు.

దానికి అల్లుడుగారి స్పందన: "పశువైద్యురాలు మానవ బాలికకు వైద్యం చేసినట్లు అంగీకరించారు. బుజ్జి పేరిట ఆమె రాసిన చీటీలన్నీ రద్దు."

తెర మీద డాక్టరుగారు ఆ ఉత్తర్వు చదివారు. తరవాత, "తాయారుగారూ, ఆ బిళ్ళలు ఉన్నట్టుండి ఆపకూడదు. ఆపితే మూర్ఛ ముందుకంటే గట్టిగా వస్తుంది. ఆయనకి చెప్పండి" అన్నారు.

చీటీ ఉండి మందు దొరకని స్థితి నుంచి, చీటీ కూడా లేని స్థితికి ఒక్క పూటలో తీసుకొచ్చాను. ఇంత చురుగ్గా నేనెప్పుడూ పనిచేసి ఉండను. రేపు గట్టు మీద ఆఫీసుకే వెళ్తాను.

జులై 10

ఎనిమిదింటి బల్లకట్టు ఎక్కాను. నలభై మంది దాకా ఉన్నారు, రెండు మోటారు బళ్ళు, వీరమణి, ఆవిడ చిలక. బుజ్జి ఎప్పట్లాగే ధర్మారావు కాళ్ళ దగ్గర కూర్చుంది. నన్ను చూసి తోక ఊపింది. దానికేం తెలుసు.

సగం దూరం వెళ్ళాక దాని తల ఒక పక్కకి వాలింది. కాళ్ళు బిగుసుకుపోయాయి. నోట్లోంచి నురగ. ధర్మారావు ఇంజను వదిలేసి దాని పక్కన కూలబడ్డాడు. "బుజ్జీ, బుజ్జీ, నానున్నానే" అంటూ తల కింద చెయ్యి పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఎడమ వైపు నుంచి ఇసక పడవ హారను కొట్టింది.

అందరికీ వినిపించింది. ఆయనకి తప్ప. జనం ఆయన్ని చూసి కేకలు వేస్తున్నారు, ఆయన కుక్కని చూస్తున్నాడు. మళ్ళీ హారను. ఈసారి ఇసక పడవ మీది మనుషుల మొహాలు కూడా కనిపించాయి. ఎలా దూకానో తెలియదు, బుజ్జి చేసే పనే నేను చేశాను. ఆయన లుంగీ పట్టుకుని బలంగా ఎడమ వైపుకి లాగాను. ఆయన తలెత్తి, చూసి, ఒక్క గెంతులో చుక్కాని తిప్పాడు. రెండు పడవల మధ్య ఒక మనిషి దూరే సందు మిగిలింది.

గట్టు చేరాక బుజ్జి లేచి, తూలుతూ నిలబడింది.

"నాలుగ్రోజులకి సరిపడా ఉన్నాయన్నావు కదా బాబాయ్!" అని చెవి దగ్గర అరిచాను.

"సగం సగం ఏత్తన్నానండి. మీరు తేల్చేదాకా సాగాలి కదండీ. ఐదున్నాయండింకా."

నన్ను నమ్మి సగం చేశాడు. ఆ మాటకి నా దగ్గర వెటకారం లేదు.

ఆఫీసు కిటికీ వెనక ఉన్నది మనిషే, గిల్లి చూడాలనిపించింది. గుమాస్తా అంతా విని ఫైలు తెరిచి నా వైపు తిప్పాడు. "జాతి గడిలో 'మన జాతే' అని ఉందండి. 'మన' అంటే రాసినవారి జాతి అని యంత్రం అనుకుంటుంది కదండీ. రాసింది మీరు. మీరు మనిషే కదండీ?"

"ఆ. దాన్ని ఎలా దిద్దాలి?"

"పొరపాటున రాశామంటే కమిటీకి వెళ్తుందండి. నలభై పనిదినాలు. కావాలనే రాశామని ఒప్పుకుంటే నాలుగు నిమిషాలండి, అది నేరం కాబట్టి వెంటనే సరిచేస్తారు. రాసినవారి కౌంటరు హక్కు కూడా అప్పుడే పోతుందనుకోండి."

"వేళాకోళానికి రాస్తే?"

గుమాస్తా రూళ్ళ పుస్తకం చూశాడు. "అది కావాలని రాయడం కిందికే వస్తుందండి" అన్నాడు.

జులై 11

కొట్టు తెరిచాను. పట్టాలు తుడిచాను. ముగ్గురికి బీపీ బిళ్ళలిచ్చాను. వీరమణి చిలక నన్ను చూసి ఏదో అంది, రాయదగ్గది కాదు.

రోజంతా వేరే దారి వెతికాను. సొరుగులు ఇనపవి, బద్దలు కొట్టడం నావల్ల కాదు. ఇంకో లంక నుంచి తెప్పిద్దామంటే అక్కడి యంత్రమూ అల్లుడుగారే. నాకే మూర్ఛ వచ్చిందని చీటీ రాయించుకుందామనుకున్నాను, గట్టు మీద మూడు వారాల పరీక్షలున్నాయి. ఆ ఐదు బిళ్ళలు మూడు వారాలు రావు.

అధికారిగారూ, నిజం చెప్తాను. పదిహేడేళ్ళు ఈ స్టూలు మీద కూర్చున్నాను. ఇది తప్ప నాకు ఇంకో పని రాదు. ఒక్క మాటకి ఇదంతా పోతుందంటే ఏడుపొచ్చింది. "తప్పు నాదా, ఫారానిదా?" అని పదిసార్లు అనుకున్నాను. ఫారందే అని తేలింది ప్రతిసారీ. అయినా బుజ్జి నోట్లో నురగే కళ్ళ ముందు కనిపిస్తోంది.

మూడో తారీకు పేజీ తీసి చదివాను. "మధ్యాహ్నం దాకా నాలో నేను నవ్వుకున్నాను" అని ఉంది. నా చేతి రాతే. సిగ్గేసింది.

జులై 12

పొద్దున్నే ధర్మారావునీ, బుజ్జినీ కొట్టుకి రమ్మన్నాను. డాక్టరు నూర్జహాన్‌గారిని తెర మీద సిద్ధంగా ఉండమన్నాను. ఒప్పుకోలు పత్రం తెరిచి ఇలా రాశాను:

"జులై 3న రేకాడి బుజ్జి జాతి గడిలో నేను తప్పు రాశాను. బుజ్జి కుక్క అని నాకు తెలుసు. తెలిసే రాశాను."

"ఉద్దేశం?" అంది తెర.

"నవ్వుకోవడానికి."

"ఈ వాక్యం వ్యంగ్యమా?"

పదిహేడేళ్ళలో అల్లుడుగారు నన్నడిగిన మొదటి తెలివైన ప్రశ్న ఇది.

"కాదు" అని రాశాను.

నాలుగు నిమిషాలన్నారు, మూడే పట్టింది. బుజ్జి పేరు బడి జాబితాలోంచి పోయింది. డాక్టరుగారు కొత్త చీటీ పంపారు. గోడలో ఎక్కడో టక్కుమని చప్పుడైంది, పై వరసలో ఒక సొరుగు బయటికొచ్చింది. తెల్ల బిళ్ళలు. రెండు నెలలకి సరిపడా ఉన్నాయి. మోతాదు చూశాను, బరువుతో సరిచూశాను, డబ్బా మీద "బుజ్జి, కుక్క, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, సగం చేయరాదు" అని రాశాను. ఆఖరి మాట కింద గీత కూడా గీశాను.

మొదటి బిళ్ళ నా చేత్తోనే అరిటిపండు ముక్కలో పెట్టి ఇచ్చాను. మింగింది. వేళ్ళు కూడా నాకింది.

"మేడంగారండీ, మరి మీ పేరు బోర్డు మీంచి పోయిందేటండీ?" అన్నాడు ధర్మారావు పైకి చూస్తూ.

"ఉప్పుగాలికి చెరిగిపోయింది బాబాయ్!" అని అరిచాను. నమ్మాడో లేదో తెలియదు. వీరమణి లంకంతా చెప్పే ఉంటుంది సాయంత్రానికి.

జులై 15

ఈ పుస్తకం సోమవారం అప్పగించాలి. ఇంకా ఒక పేజీ మిగిలింది, వదిలేస్తే ప్రభుత్వ కాగితం వృథా చేశానంటారు.

కొట్లో ఇప్పుడు మనిషి లేడు. ఏ గట్టు నుంచో ఒకరొచ్చేదాకా అల్లుడుగారొక్కరే. నిన్న వీరమణి చిలక మందు కోసం వెళ్తే, తిట్టే వృత్తిలో ఉన్నవారికి గొంతు విశ్రాంతి అవసరమని చెప్పి పంపారట.

ఇవాళ పొద్దున ధర్మారావు ఇంటికొచ్చాడు. వెనకాలే బుజ్జి, మూడు రోజుల నుంచి ఒక్కసారి కూడా పడలేదు.

"ఏవమ్మా, కాళీయేనా?" అన్నాడు. మేడంగారూ లేదు, అండీ లేదు. "బుజ్జికి ఎప్పుడేనా బాగోపోతే రెండో చెవి ఉండాలంటన్నారు రేవోళ్ళు. మొన్న నువ్వు లాగినట్టు ఎవరూ లాగలేదమ్మా. లుంగీ చిరిగిపోయిందనుకో."

సరేనని తలూపాను.

రేవు దగ్గర అల్లుడుగారి తెర ఇంకొకటి ఉంది. రెండో చెవి పనికి నా ఫారం తానే నింపుతానని ధర్మారావు పట్టుబట్టాడు. ఒక్కో గడీ పైకి చదువుతూ, తనకి తోచింది తెరకి చెబుతున్నాడు. ఇంటిపేరు, పేరు, వయసు. వయసు ఐదేళ్ళు తగ్గించి చెప్పాడు, నేను అడ్డుకోలేదు. చివరికి జాతి వచ్చింది. నేను నోరు తెరిచేలోపే ఆయన బుజ్జి తల నిమురుతూ గట్టిగా చెప్పేశాడు.

"జాతేటండీ, మన జాతే!"

అల్లుడుగారు పన్నెండో తారీకున పాఠం నేర్చుకున్నారు కదా. మన జాతే అని ఎవరైనా అంటే దాని అర్థం ఏమిటో ఆయనకిప్పుడు బాగా తెలుసు. తెర మీద పచ్చదీపం వెలిగింది: "రెండవ వినికిడి కుక్కకు అనుమతి మంజూరు. మెడపట్టీ నంబరు తెలపండి."

"ఏటంటన్నాడమ్మా అల్లుడుగారు?" అన్నాడు ధర్మారావు, చూపు బుజ్జి మీదే ఉంచి.

"పని ఇచ్చారు బాబాయ్!"

దిద్దమని అడగొచ్చు. పొరపాటంటే నలభై పనిదినాలు పడుతుంది, నాకేమంత తొందర లేదు. బుజ్జి పాత పట్టీ ఒకటి ఇంజను గదిలో మేకుకి వేలాడుతోంది. దాని మీది నంబరు చూసి చెప్పాను. రేపు ఆరింటికి మొదటి బల్లకట్టు.